నా మాటయు ఆయన వాక్యమును



మా రాజాం ప్రాంతములో తాండ్ర పాపారాయుని కథ ఎరుగని పిల్లవాడు లేడు. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట పడిపోయినప్పుడు ఆయన రాజాంలో ఉండెను. కోటనుండి పంపిన కబురు ఆయనకు సకాలమున అందలేదనియు, అందునప్పటికి అంతయు ముగిసిపోయెననియు బుర్రకథవారు చెప్పుదురు. ఆయన గుఱ్ఱమెక్కి వచ్చి చూచినది బూడిదయే. పిమ్మట విజయరామరాజును డేరాలో పొడిచి చంపెను. చిన్ననాడు ఆ ఘట్టము రాగానే మేము చప్పట్లు కొట్టెడివారము. ఈ ముసలితనములో నాకు వేరొక సంగతి తోచుచున్నది. మనుష్యుని మాట దారిలో ఎవడైన అడ్డుపడినయెడల నిలిచిపోవును. ఆలస్యమైనయెడల బ్రదికించుటకు పనికిరాక పగ తీర్చుకొనుటకే పనికివచ్చును.

అయితే కీడు చేయుటకు మాత్రము ఆ మాటకు బలము చాలును. ఇది నా స్వంత అనుభవము గనుక వ్రాయుచున్నాను.

1972వ సంవత్సరమున, మా తండ్రిగారు ప్రభువునందు నిద్రించిన మరుసటి కోతకాలమున, నాకును నా తమ్మునికిని ఎనుబది సెంట్ల మెట్టభూమి విషయమై తగవు వచ్చెను. గోగు పండు భూమి అది. నేను పెద్దవాడను, బడిపంతులును. వాడు అయిదవ తరగతితో చదువు మాని నాగలి పట్టినవాడు. నాయన బ్రదికియుండగా ఆ చేను దున్నినది వాడే, చెరువులో నడుములోతు నీటిలో నిలువబడి గోగుకట్టలు ఊరవేసి నార తీసినది వాడే. అయినను కాగితము నాయొద్ద ఉండెను. కల్లములో పదిమంది చూచుచుండగా నేను, “నాకు తమ్ముడు లేడు” అంటిని. మూడు మాటలు. వాడు బదులు చెప్పలేదు. తువ్వాలు దులిపి భుజమున వేసికొని వెళ్లిపోయెను. పదిహేను దినములకు ఖరగ్‌పూరులో ఉన్నాడని తెలిసెను. మన జిల్లావారు రైల్వే పనులకు ఆ ఊరు పోవుట పూర్వమునుండి ఉన్నదే కదా.

ఆ పిమ్మట పదకొండు ఏండ్లలో నేను వానికి ఆరు ఉత్తరములు వ్రాసితిని. క్షమించుమని వ్రాసితినని అనుకొనవద్దు. భూమి ఎవరి పేర ఉన్నదో, శిస్తు ఎవరు కట్టిరో, నాయన ఏమని చెప్పెనో, అన్నియు వరుసగా వ్రాసితిని. వాటిలో ఒకదాని నకలు ఇప్పటికిని నా పెట్టెలో ఉన్నది. అందులో ఒక్క అక్షరదోషము లేదు. సంధి తప్పలేదు. వాదములో ఎక్కడను సందు లేదు. ఆ ఉత్తరమువలన ఒక్క ఆకైనను కదలలేదు.

మా అమ్మకు చదువు రాదు. ప్రతి రాత్రి అన్నములైన తరువాత లాంతరు దగ్గరికి జరిపి, “ఒక ముక్క సదువు నాయనా” అనెడిది. నేను చదివెడివాడను. నా గొంతు మంచిదని సంఘములో పేరుండుటచేత, ఆ చదువుటలో నాకు కొంత గర్వము కూడ ఉండెను. అమ్మ కన్నులు మూసికొని వినెడిది. తమ్ముని సంగతి నాతో ఎన్నడును ఎత్తలేదు. సంఘ ప్రార్థనలో మాత్రము వాని పేరును నా పేరును కలిపి ఒకే ఊపిరిలో చెప్పెడిది.

ఆమె చేతిలోని ఆ పుస్తకము మన భాషలోనికి ఊరక రాలేదు. 1805లో లండను మిషనువారైన జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజి అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరు అను తెలుగు ఎరిగిన విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టిరి. 1809లో క్రాను, 1810లో డెగ్రాంజి మరణించిరి. వారు దిద్దిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. తమ పని అచ్చులో చూడకయే ఇద్దరును పోయిరి. ఆ 1812 మార్చిలోనే శ్రీరాంపురపు అచ్చుకూటము అగ్నికి ఆహుతియైనది. కాగితములు కాలినవి, తెలుగు అక్షరములతోకూడ ఎన్నో భాషల అచ్చు అక్షరములు కరగి ముద్దలైనవి. విలియం కేరీయు ఆయన జతపనివారును ఆ కరగిన లోహమునే ఏరి తిరిగి పోతపోయించిరి. 1818లో అక్కడనుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. పాపారాయునికి పంపిన కబురు ఒక దినపు దారిలో ఆగిపోయెను. ఈ కబురు పంపినవారు సమాధిలోనికి పోయినను, అక్షరములు అగ్నిలో కరగినను, అది మా పూరింటి లాంతరు దగ్గరకు వచ్చి చేరెను.

వచ్చి చేరినంతమాత్రమున పని జరిగెనా? ఇక్కడ నేను నిజము చెప్పవలెను. పదకొండు ఏండ్లు నా నోటితోనే చదివితిని, నాకేమియు కాలేదు. కొందరు జడిసిన బిడ్డ తలక్రింద బైబిలు పెట్టి, అదే మందని ఊరకుందురు. తాయెత్తు కట్టువారికిని వీరికిని భేదమేమో నాకు తెలియదు. కాగితమునకును సిరాకును శక్తి లేదు. యెషయా గ్రంథము 55వ అధ్యాయములో దేవుడు తన వాక్యమును వానతో పోల్చెను గాని పిడుగుతో పోల్చలేదు. మెట్టచేనివారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వాన పడిన దినముననే మొలక కనబడదు. నేల గట్టిపడినయెడల మొదటి వానలు పైపైననే పారిపోవును.

1983 జనవరిలో మా సంఘమున కోతపండుగ జరిగెను. ఎవరి శక్తికొలది వారు బుట్టలతో ధాన్యము, గుమ్మడికాయలు, చోళ్లు, కోళ్లు తెచ్చిరి. నేను ఆ ఎనుబది సెంట్ల చేనిలో పండిన చోళ్ల బుట్ట తెచ్చి బల్లముందు పెట్టితిని. అయ్యగారు నన్ను పిలిచి మత్తయి సువార్త 5వ అధ్యాయము చదువుమనిరి. అలవాటు చొప్పున గొంతు సవరించుకొని చదువుచు 23వ వచనమునకు వచ్చితిని. అర్పణము తెచ్చినవాడు తన సహోదరుని జ్ఞాపకము చేసికొనినయెడల ఏమి చేయవలెనో ప్రభువు చెప్పిన చోటు అది. ఇరువదిసార్లైనను చదివియుందును. నాకు వానిమీద ఏమి ఉన్నదో అని అక్కడ వ్రాసియున్నట్టు ఇన్నాళ్లు అనుకొంటిని. అట్లు లేదు. వానికి నామీద ఏమి ఉన్నదో అని ప్రభువు అడుగుచున్నాడు. నా ఆరు ఉత్తరములలో ఎక్కడను నేను వేసికొనని ప్రశ్న అది.

నా గొంతు ఆగిపోయెను. సంఘము కొంతసేపు కనిపెట్టెను. నేను దగ్గుచున్నానని తలంచి ఎవరో నీళ్లు తెచ్చిరి. అయ్యగారు వచ్చి మిగిలినది చదివిరి. హెబ్రీ పత్రికలో దేవుని వాక్యమును రెండంచుల కత్తితో పోల్చినది నేనెరుగుదును. ఆ కత్తి ఎదుటివానికే అనుకొనుట నాకు అలవాటు. ఆ దినము తలయెత్తి అమ్మవైపు చూడలేకపోతిని.

మరునాడు బుట్టను గుడిలోనే విడిచి, చీపురుపల్లి వెళ్లి రైలెక్కితిని. దారి పొడుగున ఏమేమి చెప్పవలెనో కూర్చుకొంటిని. మంచి మాటలే కూర్చుకొంటిని. ఖరగ్‌పూరులో వాని ఇల్లు వెదకి పట్టుకొనునప్పటికి మధ్యాహ్నమాయెను. తలుపు తీసినవాడు నా తమ్ముడే. జుట్టు నెరసెను. కూర్చుకొనిన మాటలలో ఒకటియు నోటికి రాలేదు.

వాడే ముందు అడిగెను. “అమ్మ బాగున్నాదా?”

“బాగున్నాది” అంటిని.

“రా, బువ్వ తిందువుగాని.”

మరదలు పీట వేసెను. నేనెన్నడు చూడని పిల్లలు ఇద్దరు తలుపుచాటునుండి తొంగిచూచుచుండిరి. చేయి కడుగుకొనిన తరువాత వాడు గూటిలోనుండి ఒక కట్ట తీసెను. నా ఆరు ఉత్తరములును నారత్రాటితో కట్టియుండెను.

“అన్నీ సదివినాను అన్నయ్యా. జవాబు రాద్దామంటే నీయంత తెలుగు నాకెక్కడొస్తాది?”

వాడు ఎత్తిపొడుపుగా అనలేదు. నిజముగానే అనెను. అప్పుడు నేను ఏడ్చితిని. తప్పు నాదని చెప్పితిని. చెప్పుటకు రెండు మాటలకంటె ఎక్కువ పట్టలేదు.

భూమి సంగతి ఒక దినములో తేలలేదు. కాగితములు మార్పించుటకు రెండేండ్లు పట్టెను, నడుమ ఒకటి రెండుసార్లు మాకు మాట తేడా కూడ వచ్చెను. మీరు మమ్మును పరిశుద్ధులని అనుకొనకుండుటకే ఇది వ్రాయుచున్నాను.

ఆ సంవత్సరము ఈస్టరు పండుగకు వాడు భార్యాపిల్లలతో మా ఊరు వచ్చెను. అమ్మ వాని ముఖమంతయు చేతితో తడిమి చూచెను, ఏమియు అడుగలేదు. రాత్రి అన్నములైన పిమ్మట లాంతరు జరిపెను. నేను అలవాటుచొప్పున పుస్తకము తీసికొనబోగా, “నువ్వుండు” అని దానిని వాని చేతికిచ్చెను.

“నాకు సరిగా రాదమ్మా” అని వాడనెను.

“వచ్చినకాడికి సదువు.”

వాడు ఆ అయిదవ అధ్యాయమే తీసి, వ్రేలు పెట్టి, అక్షరము అక్షరము కూడబలుకుకొనుచు చదువ మొదలుపెట్టెను. కొన్నిచోట్ల తప్పు పోయెను. దిద్దవలెనని నాలుక కొనదాక వచ్చినను ఊరకుంటిని. నాలుగు వచనములకే చాల ప్రొద్దుపోయెను, పిల్లలు నిద్రపోయిరి. అమ్మ కన్నులు మూసికొని వినుచుండెను. వానిని తొందరపెట్టలేదు.