ఎడారిలో సరిచేసిన లెక్క



సబ్బవరం పొలాల్లో పెరిగిన నాకు ఎడారి అంటే ఇశ్రాయేలీయులు నలభై ఏండ్లు సంచరించిన అరణ్యమే. దానిని కళ్లారా చూచే అవకాశం మొన్నటి శీతకాలంలో దేవుడు దయచేశాడు. దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్యగారి అబ్బాయి, "చిన్నాన్నా, ఒక్కసారి వచ్చి వెళ్లండి" అని టిక్కెట్టు పంపించాడు.

చిన్నతనంలో నేను విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఆటగాళ్ల సంచులు మోసేవాడిని. అలా ఆట కొంత అబ్బింది. ఆ సంగతి తెలిసిన మా అబ్బాయి నన్ను ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్బుకు తీసుకువెళ్లాడు.

పూర్వం ఆ ప్రాంతాల్లో గోల్ఫ్ ఇసుకలోనే ఆడేవారట. గుంట చుట్టూ ఇసుకలో నూనె కలిపి గట్టిపరచేవారు. బంతి కింద వేసుకోవడానికి చిన్న చాపముక్కను ఆటగాడు వెంట తెచ్చుకొనేవాడు. 1988లో మజ్లిస్ అనే ఈ మైదానం తెరచినప్పుడు, ఎడారి నడుమ పచ్చగడ్డి మీద ఆడడం అక్కడివారికి వింత. ఉప్పు తీసిన నీటిని గొట్టాల ద్వారా పారించి ఆ గడ్డిని పెంచారు. క్లబ్బు భవనాలు అరబ్బుల గుడారాల ఆకారంలో ఉన్నాయి. చూడగానే మన తండ్రియైన అబ్రాహాము జ్ఞాపకమొచ్చాడు.

ఆట సంగతి తెలియనివారికి రెండు మాటలు. మొత్తం 18 గుంటలు. ఒక్కొక్క గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలే. ఎంత తక్కువ దెబ్బల్లో బంతిని అందులో వేస్తే అంత గొప్ప. మామూలు ఆటలో వెంట ఉండి చూచే అంపైరు ఉండడు. ఎవరి దెబ్బలు వారే లెక్కపెట్టి చెప్పాలి.

ఎనిమిదో గుంటకు మిట్ట ఎక్కుతూ కుడివైపు తిరగాలి. దారి పక్కన ఎడారి ఇసుక, తుప్పలు. దూరాన ఆకాశాన్నంటే మేడలు. నా బంతి పోయి ఇసుక గుంటలో పడింది. అందులో బంతిని కొట్టకముందు దాని వెనుక ఇసుకను కర్రతో తాకితే రెండు దెబ్బలు అదనంగా వేసుకోవాలి. నా కర్ర తాకింది. మా అబ్బాయి అటు తిరిగి ఉన్నాడు.

"ఎన్ని, చిన్నాన్నా?"

"ఏడు."

మారుమాట లేకుండా రాసుకున్నాడు. ఆ నమ్మకమే నన్ను పొడిచింది. ఎందుకంటే అంతకుముందు కూడా వాడు చూడనప్పుడు నేనొకటి చేశాను. అన్నయ్య చనిపోయిన తరువాత పొలం గట్టు వేయిస్తూ హద్దురాయిని వారి వైపు మూరెడు జరిపాను. నూరు గజాల పొడవున అది దాదాపు ఒక సెంటు. లా యూనివర్సిటీ వచ్చి, ఆరు వరుసల రోడ్డు పడి, మా ఊళ్లో సెంటు భూమికి కూడా మనుషులు కొట్లాడుకొనే రోజులివి.

పదో గుంట దగ్గర కర్ర ఎత్తలేకపోయాను. "బాబూ, అక్కడ ఏడు కాదు, తొమ్మిది" అన్నాను. వాడు నవ్వి దిద్దాడు. ఆట ముగిశాక ఆ గుడారాల నీడన కూర్చోబెట్టి గట్టు సంగతి కూడా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మీరున్నారు కదా అనే నేనెప్పుడూ పొలం అడగలేదు, చిన్నాన్నా" అన్నాడు. కోప్పడినా అంత బాధ కలిగేది కాదు.

ఇంటికి వచ్చిన వారంలోనే సర్వేయరును పిలిపించి, వదినగారి ఎదుట, పాస్టరుగారి ఎదుట రాయిని మునుపటి చోట పాతించాను. వదినగారు ఏమీ అనకుండా లోపలికి వెళ్లి అందరికీ టీ తెచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా అబ్బాయి ఫోను చేసి, మునుపటిలాగే "చిన్నాన్నా" అని పిలిచాడు.

హద్దురాయి జరపడం ఎంత తప్పో సామెతల గ్రంథం మనకు నేర్పుతుంది. చిన్ననాటి నుండి సండేస్కూలులో విన్నదే. అయినా అది నా హృదయానికి తగలడానికి ఎడారిలో ఒక ఇసుక గుంట కావలసి వచ్చింది.

ప్రియులారా, ఎవరూ చూడలేదని మనం తక్కువ రాసుకున్న లెక్క ఏదైనా ఉన్నదా? బ్రదికి ఉండగానే దానిని దిద్దుకొందము. అట్టి కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.