నూటికి ఇద్దరు

నా యాభయ్యో ఏట నేనొక పరీక్ష రాశాను. ఈ వరుసలో తర్వాత ఏ బొమ్మ రావాలి, అన్న తరహా ప్రశ్నలు. నెల తర్వాత ఉత్తరం వచ్చింది. నేను నూటికి ఇద్దరిలో ఒకదాన్నట. మా ఊళ్ళోని మేధావుల క్లబ్బులో చేరడానికి అర్హురాలినట. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. పాతికేళ్ళుగా కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. నా వ్యాసం అచ్చయినప్పుడల్లా "మీవారు చూసిపెట్టారా?" అని అడిగే స్టాఫ్‌రూమ్‌కి ఇదే నా జవాబు అనుకున్నాను.

మొదటి సమావేశానికి వెళ్తే గుమ్మంలో ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా "సార్ లోపలికి వెళ్ళారామ్మా?" అన్నారు. పద్దెనిమిది మందిలో ఆడవాళ్ళం ముగ్గురం. చర్చ బాగుంది, ఆ మాట దాచను. ఒక చిక్కు లెక్క మీద గంటసేపు వాదించుకోవడంలో ఉండే సుఖం నాకు చాన్నాళ్ళకి దొరికింది. విరామంలో టీ కప్పులు సర్దుతూ ముగ్గురం ఒకర్నొకరం చూసుకుని నవ్వాం. సర్దమని మమ్మల్నెవరూ అడగలేదు. చేతులే అటు వెళ్ళిపోయాయి.

మాది చిన్న ఊరి క్లబ్బు. ఇలాంటివాటిలో పెద్దదైన మెన్సా 1946లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. లాటిన్‌లో ఆ మాటకి బల్ల అని అర్థం. అందరూ సమానంగా కూర్చునే గుండ్రటి బల్ల అన్నమాట. ఆ బల్లదాకా వచ్చే తీరిక ఎవరికుంటుందన్నది మాత్రం పరీక్షలో లేని ప్రశ్న. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ ఈ కొలతలు మొదలుపెట్టింది బళ్ళో వెనకబడ్డ పిల్లలకి సాయపడడానికి. తర్వాత్తర్వాత అవి మనుషుల్ని వరసలో నిలబెట్టే కొలబద్దలయ్యాయి. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళ బుద్ధి మందగించదని 1914లో లీటా హాలింగ్‌వర్త్ ప్రయోగాలు చేసి చూపించింది. పెళ్ళయిన ఆడదన్న కారణంగా అంతకుముందు న్యూయార్క్‌లో ఆమెకి టీచరు ఉద్యోగమే ఇవ్వలేదు. 1921 నుంచి టెర్మన్ కాలిఫోర్నియాలో ఏరి, ఏళ్ళ తరబడి పరిశీలించిన అతి తెలివైన పిల్లల్లో ఆడపిల్లలు చాలామంది గృహిణులుగానే మిగిలారు. వాళ్ళ మార్కులేమీ తగ్గలేదు మరి!

ఆ కాగితం పట్టుకెళ్ళి అక్కయ్యకి చూపించాను. నాకు ఎక్కాలు నేర్పింది తనే. తనని ఎనిమిదో తరగతితో మానిపించారు. నన్ను చదివించారు. ఇప్పుడు ఇరవైమంది ఆడవాళ్ళతో చీటీ నడుపుతోంది. పాట ముగియగానే ఎవరికెంత కలిసొస్తుందో నోటిలెక్కతో చెప్పేస్తుంది.

కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతసేపు రాశావే?" అంది.

గంట అన్నాను.

"గంటసేపు ఎవరూ పిలవకుండా కూర్చున్నావా!"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఆశ ఉంది. ఈసారి నువ్వూ రాయకూడదూ అని అడగబోయి ఆగిపోయాను. తను ఆ పరీక్షలో నెగ్గాలన్నది నా కోరిక. తనకి కావలసింది ఆ గంట.

నేను క్లబ్బుకి వెళ్తూనే ఉన్నాను. టీకి వంతులు వేసుకుందామని పోయిన నెల అడిగాను, ఒప్పుకున్నారు. అక్కయ్యకి ఇంకా గంట దొరకలేదు.