62 అడుగుల పాము

అడవి సినిమా అంటే నాకు చిన్నప్పట్నుంచీ ఓ లెక్కుంది. పది నిమిషాలకో పులి, పావుగంటకో కొండచిలువ, ఇంటర్వెల్ ముందు ఓ ఊబి, ఆఖర్న పాడుబడ్డ కోటలో నిధి. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగిన ప్రాణం మరి! అంతకు ఏమాత్రం తగ్గినా మోసపోయాననే అనుకుంటాను.

మొన్న ఆదివారం మట్టెవాడలో మా ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూచోబెట్టి, 'ది లాస్ట్ సిటీ ఆఫ్ జెడ్' అనే ఇంగ్లీషు సినిమా పెట్టాను. 2016 నాటిది. కథ నిజంగా జరిగిందే. పెర్సీ ఫాసెట్ అనే దొర 1906 నుంచి దక్షిణ అమెరికా అడవుల్లో సర్వేలు చేస్తూ తిరిగాడు. ఆ కీకారణ్యంలో ఓ మహానగరం మరుగున పడి ఉందని నమ్మి, దానికి 'జెడ్' అని పేరు పెట్టుకున్నాడు. 1925లో పెద్దకొడుకునూ, అతని స్నేహితుణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళి, మరి తిరిగి రాలేదు. ఆ ప్రాంతంలో పాత ఊళ్ళ ఆనవాళ్ళు తర్వాతి కాలంలో పరిశోధకులకు దొరికాయి. దొర మాత్రం దొరకలేదు.

ఈయనగారే 1907లో 62 అడుగుల అనకొండను కాల్చానని రాసుకున్నారు. నేను కాచుక్కూచున్నది ఆ పాము కోసం!

ఇంకో ఆశ కూడా ఉంది. మా నాయినది జంగ్లాతు నౌకరి. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో గార్డుగా ముప్ఫయ్యేళ్ళు తిరిగాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. గడపకూ మంచానికీ మధ్యనే ఆయన తిరుగుడంతా. మాటలూ తగ్గిపోయాయి. అడవిని చూస్తేనన్నా నోరు విప్పుతాడని మంచం టీవీ ఎదుట వేయించాను.

సినిమా మొదలైంది. దొర అడవికి పోతాడేమోనని చూస్తే లండన్‌లో ఉపన్యాసాలిస్తాడు. పోయాడు గదా అనుకునేలోగా ఇంటికొస్తాడు. మధ్యలో ఓ ప్రపంచయుద్ధం. తెప్ప మీద పోతున్నవాళ్ళ మీద బాణాలు పడ్డప్పుడు మా పిల్లలు కాస్త ముందుకు జరిగారు. ఆ తర్వాత ఎవరి ఫోను వాళ్ళు తీశారు. అసలు దొర ఏడెనిమిదిసార్లు పోయొస్తే సినిమావాళ్ళు మూడుసార్లతో సరిపెట్టారు. ఆ మూడే నాకు ముప్ఫైగా తోచాయి.

"గిట్ల ముచ్చట్లు వెట్టుకుంట పోతె అడివిల ఉడుతన్న కనబడ్తదా?" అని నాయిన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పప్పు నానబెట్టాలంటూ మా ఆవిడ లేచింది. చివరికి మిగిలింది నేనూ, ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మా.

అమ్మ అడవిని చూడనే లేదు. దొర భార్య నీనానే చూస్తూ కూచుంది. ఆమె నేనూ వస్తానంటుంది, ఆయన వద్దంటాడు. ఆమె పిల్లల్ని పెంచుతుంది, ఎదురుచూస్తుంది. అందరూ ఆశ వదులుకున్నాక కూడా వస్తారనే నమ్ముతుంది.

"ఆఖరికి అచ్చిండా ఆయన?" అనడిగింది అమ్మ.

"రాలేదమ్మా."

"ఆ పోరడు?"

"రాలేదు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పదకొండు దినాలు," అంది.

ముందు నాకు తట్టలేదు. ఆ తర్వాత గుర్తొచ్చింది. 1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకెక్కిన వరద. నాయిన ఏటూరునాగారంలో చిక్కుకున్నాడు. బస్సు లేదు, కబురు లేదు. నాకప్పుడు పదేళ్ళు. మా నాయిన మొసళ్ళతో కొట్లాడుతున్నాడని భోగేశ్వరుడి గుడి దగ్గర దోస్తులకు కోతలు కోస్తూ తిరిగాను. అమ్మ ఆ పదకొండు రోజులూ ఎట్లా గడిపిందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అప్పుడు అడిగాను.

"ఏం జేస్త? రోజూ ఆయన పాలు బియ్యం సుత పోసిన. పొయ్యకపోతె రాడేమో అనిపిచ్చేది."

నాకేం అనాలో తోచలేదు. గోడవైపు తిరిగి ఉన్న నాయిన కదలకుండానే అన్నాడు: "పన్నెండో దినం అచ్చిన్నా లేదా?"

"అచ్చినవ్ తియ్. బువ్వ సల్లగైనంక," అంది అమ్మ.

సినిమా ఎట్లా ఉందని మీరడిగితే బాగాలేదనే చెబుతాను. పాము లేదు మరి!