సీసాడు నూనె, ఒక తుఫాను

స్పెక్యులేటివ్ కథల్లో ఏది ఊహో ఏది వార్తో చదివే చోటును బట్టి మారిపోతుంది. ఒక్క రాత్రిలో తోటలన్నీ నేలకొరిగాయని చదివితే హైదరాబాదు పాఠకుడు రచయిత ఊహను మెచ్చుకుంటాడు. శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న మా ఉద్దానం పాఠకుడు "ఏ తుఫానుకి?" అని అడుగుతాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఇక్కడి పలాస దగ్గరే తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరి, జీడి, పనస తెల్లారేసరికి వేళ్లు పైకి తేలి పడున్నాయి.

అందుకే జగదీశ్ చంద్ర బోస్ రాసిన ఒక తుఫాను కథ దగ్గర చాలాసేపు ఆగాను. మొక్కల స్పందనలను కొలిచిన ఆ బోసే, 1896లో దాన్ని బెంగాలీలో రాశాడు. కుంతలీన్ అనే తలనూనె తయారీదారు పెట్టిన పోటీ కోసం రాసిన కథ. అందులో నూనె ప్రస్తావన రావాలన్నది షరతు. (ప్రకటనల వల్ల సాహిత్యం బాగుపడిన సందర్భాలు మరి నాకు తట్టడం లేదు.) కలకత్తా మీదికి రావలసిన తుఫాను రాదు. ఎటు పోయిందో నిపుణులకు అంతు చిక్కదు. జరిగిందేమిటంటే, జ్వరంతో జుట్టు ఊడిన ఒకాయన సింహళానికి ఓడలో పోతూ, కూతురిచ్చిన నూనె సీసాను సముద్రంలో ఒంపేశాడు. అలలు అణిగిపోయాయి. నూనెపొర చిన్న అలలను అణచడం నిజమే, నావికులకు పాత సంగతే. ఆ చిటికెడు నిజం పట్టుకుని బోసు బంగాళాఖాతానికే తల దువ్వేశాడు. 1921లో 'అవ్యక్త' పుస్తకంలో అదే కథను పెంచి మళ్లీ వేసుకున్నాడు.

వజ్రపుకొత్తూరు వైపు తోట ఉన్న మిత్రుడికి ఈ కథ చెప్పాను. నవ్వలేదు. "బాగానే ఉంది గానీ మాస్టారూ, ఆ నూనికి కొబ్బరికాయలు కావాల కదా. చెట్లేవి?" అన్నాడు.

విపత్తు మాకు నమ్మేలాగే ఉంటుంది. పరిష్కారం దగ్గరకొచ్చేసరికే చందమామ కథ అవుతుంది. ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు సంగతే చూడండి. షుగరు లేనివాళ్లకీ, ఒళ్లొంచి పొలంలో పనిచేసేవాళ్లకీ వస్తోంది. నీళ్లు, మట్టి, ఎండ, అన్నిటినీ అనుమానించారు. ఇదీ కారణమని తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం నుంచి గొట్టాల్లో వంశధార నీళ్లొచ్చాయి. ఊహాకథలో అయితే ఇరవయ్యో పేజీకల్లా ఒక శాస్త్రవేత్త మైక్రోస్కోపులోంచి తలెత్తి గుట్టు విప్పేస్తాడు.

కాళీపట్నం రామారావుగారు 1997లో కథానిలయం పెట్టిన జిల్లా ఇది. వాస్తవిక కథకు పుట్టిల్లనే చెప్పుకుంటాం. ఆయన 'యజ్ఞం' కథలో అప్పు ఎలా పెరిగిందో లెక్క చెప్పించుకోవచ్చు. ఈ జబ్బుకు ఆ లెక్కా లేదు, నిలదీయడానికి మనిషీ లేడు. అక్కడే మన వాస్తవిక కథ తడబడుతుందని నాకనిపిస్తుంది.

ఉద్దానం నుంచి ఎవరైనా ఊహాకథ రాస్తే, కారణం దొరకడంతో ముగించకూడదు, అక్కడ మొదలుపెట్టాలి. జబ్బు ఊరని పెళ్లి సంబంధం వదులుకున్నవాళ్లు మళ్లీ కబురు పెడతారా? వలస పోయినవాళ్లలో ఎవరు తిరిగొస్తారు? అసలు తప్పు నీళ్లది కాదని తేలితే, ఇన్నాళ్లూ తమ బోరును తిట్టుకున్నవాళ్లు ఏమంటారు?