చేతులు నావి, సంకల్పం ఆమెది

మానవుని ఆచరణల విలువ అతని సంకల్పాన్ని బట్టే ఉంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసుతోనే ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ సంకలనాన్ని ప్రారంభించారు. ఇమామ్ నవవీ (రహ్మ) కూడా తమ నలభై హదీసుల గ్రంథంలో దీనికే ప్రథమ స్థానమిచ్చారు. చిన్ననాటి నుండి విన్న ఈ బోధన నా జీవితంలో అర్థవంతమైంది మాత్రం అత్తమ్మ మంచం పక్కనే.

ఎల్బీనగర్‌కు దక్షిణాన, బడంగ్‌పేట దాటితే వచ్చే నాదర్‌గుల్‌లో మా ఇల్లు. పక్షవాతంతో అత్తమ్మ మంచాన పడి నాలుగేళ్ళు గడిచాయి. మాట స్పష్టంగానే ఉంది, కాళ్ళూ చేతులూ మాత్రం స్వాధీనంలో లేవు. చర్మంపై పుండ్లు లేచినప్పుడు కొంతకాలం నీరు తగలనివ్వరాదని వైద్యులు చెప్పారు. అప్పటి నుండి ఆమె నమాజుకు తయమ్ముమ్ మొదలయింది. నేను శుభ్రమైన మట్టి ఇటుకపై నా అరచేతులు ఆనించి ఆమె ముఖాన్ని, మరోసారి ఆనించి ఆమె చేతులను మోచేతుల వరకు తుడుస్తాను.

ఈ సందర్భంలో నియ్యత్ ఎవరిదై ఉండాలన్న సందేహం నాకు కలిగింది. మసీదు ఇమామ్ సాహెబ్ గారిని మావారు అడిగి వచ్చారు. తుడిచే చేతులు ఎవరివైనా సంకల్పం మాత్రం రోగిదే కావాలన్నది హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. నా చేతులను నేను ఆమెకు అరువివ్వగలను గాని సంకల్పాన్ని అరువివ్వలేను. ఆమె పెదవులు మెల్లగా కదిలాకే నేను ఇటుకపై చేతులు ఆనిస్తాను.

ఇందులో మరొక సూక్ష్మం ఉంది. హనఫీ సంప్రదాయంలో నియ్యత్ లేకపోయినా వుజూ నెరవేరుతుంది, అయితే దాని పుణ్యఫలం నియ్యత్‌తోనే లభిస్తుంది. తయమ్ముమ్ మాత్రం నియ్యత్ లేనిదే చెల్లదు. నీటికి శుద్ధిచేసే గుణం స్వతహాగా ఉంది, మట్టికి లేదు. మట్టిని శుద్ధి సాధనంగా మార్చేది దైవాజ్ఞ పట్ల విధేయతతో కూడిన సంకల్పమే. మాకు పడమటి దిక్కునున్న బార్కస్‌లో నిజాం కాలపు అరబ్బు సైనికుల వారసులు నివసిస్తారు. యెమెన్‌లోని హజ్రమౌత్ నుండి వచ్చిన ఆ కుటుంబాలు షాఫయీ సంప్రదాయాన్ని అనుసరిస్తాయి. అక్కడ పుట్టి పెరిగిన నా స్నేహితురాలికి వుజూలో సైతం నియ్యత్ విధి. ఉభయులూ ఆశించేది ఆ ఒక్క అల్లాహ్ ప్రసన్నతనే.

ఆ మట్టిని గురించి ఆలోచిస్తున్నప్పుడు నా సేవ కూడా అటువంటిదేననిపించింది. రెండు గంటలకొకసారి అత్తమ్మను ఒత్తిగిలించాలి, పక్కబట్టలు మార్చాలి, గంజి తాగించాలి. ఈ పనులను జీతానికి వచ్చే ఆయా అయినా చేయగలదు. ఇవి తమంతట తాము ఆరాధనలు కావు. వీటిని ఆరాధనగా మార్చవలసింది నా సంకల్పమే.

అయితే రాత్రి రెండు గంటలకు లేచినప్పుడు హృదయంలో కరుణ పొంగదు. అలసటే ఉంటుంది, ఒక్కొక్కప్పుడు విసుగూ ఉంటుంది. అటువంటి సేవ అల్లాహ్ సన్నిధిలో స్వీకృతమవుతుందా అన్న దిగులు నన్ను చాలాకాలం వెంటాడింది. నియ్యత్ అంటే హృదయపు తీర్మానమని, అది ఉద్వేగం కాదని తెలిశాక ఆ దిగులు తగ్గింది. ఉద్వేగం మన అధీనంలో ఉండదు, తీర్మానం ఉంటుంది. కళ్ళు మూసుకుపోతున్నా "యా అల్లాహ్, ఇది నీ కోసమే" అని మనసులో నిశ్చయించుకుని లేవగలిగితే ఆ అలసట కూడా ఆరాధనలో భాగమే.

అలసటకంటే ప్రశంస ప్రమాదకరమని నాకు అనుభవమైంది. బంధువులు వచ్చి "ఇటువంటి కోడలు ఎక్కడా ఉండదు" అన్నప్పుడు మనసుకు హాయిగా ఉంటుంది. మరుసటి వేళ ఎవరూ చూడకుండా చేసిన పని వెలితిగా తోస్తుంది. ప్రళయదినాన ముందుగా విచారణకు నిలబడేవారిలో వీరమరణం పొందినవాడు, పండితుడు, దాత ఉంటారని, ముగ్గురూ ప్రజల మెప్పు కోసమే పాటుపడినందున నష్టపోతారని సహీహ్ ముస్లింలోని హదీసు హెచ్చరిస్తోంది. ఆ ముగ్గురి పనుల్లో లోపం లేదు, లోపమంతా సంకల్పంలోనే ఉంది. అందుకే ప్రశంస విన్న ప్రతిసారీ నా నియ్యత్‌ను తిరిగి సరిచేసుకుంటాను.

ఒకనాడు అత్తమ్మతో "మీ నమాజులన్నీ పడుకునే సాగుతున్నాయని బాధగా ఉందా?" అన్నాను. "బేటీ, నిలబడే శక్తిని తీసుకున్నవాడు సంకల్పాన్ని నాకే వదిలాడు కదా" అన్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాసుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం వ్యాధి సమయంలోనూ వ్రాయబడుతుందన్న హదీసు ఆమెకు కొండంత ధైర్యం.

సోదరీమణులారా! వంటగదిలో, రోగి పక్కన, పసిబిడ్డల మధ్య గడిచే మన దినచర్య ఎలాగూ ఆగదు. దానికి ఒక్క క్షణపు సంకల్పం తోడైతే అదే మన పరలోక సంపద అవుతుంది. అల్లాహ్ మన సంకల్పాలను తన ప్రసన్నత కొరకే ప్రత్యేకించుగాక! ఆమీన్.