మూడు గంటల కాపలా

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. అయినా యేటా రెండుసార్లు ఇంజనీరింగు పరీక్షలకు కాపలా కాస్తూ వుంటాను. మా యాజమాన్యం వారికి ఒకే ఆవరణలో డిగ్రీ కాలేజీ, ఇంజనీరింగు కాలేజీ రెండూ వున్నాయి. అక్కడ మనుషులు చాలనప్పుడల్లా ఇక్కడినుంచి పట్టుకుపోతారు. చేబదులు మనిషిని అన్నమాట.

ఈ కాపలా యెంత దుర్భరమో అనుభవించినవాడికే తెలుస్తుంది. పుస్తకం చదవకూడదు, కూర్చోకూడదు, పక్కగది ఆయనతో మాట్లాడకూడదు. హాల్‌టికెట్టు నంబర్లు సరిచూసి సంతకాలు పెట్టడం అరగంటలో అయిపోతుంది. తక్కిన కాలమంతా పిల్లల మొహాలు చూస్తూ తిరగడమే. అందుకని కాలక్షేపానికి ఒక జోస్యం మొదలుపెట్టాను. ఎవడు ముందు లేస్తాడు? వాడికి మార్కులెన్ని వస్తాయి?

కొన్నేళ్లకు నాకో సిద్ధాంతం యేర్పడింది. బయటికి పోనిచ్చే వేళ కాగానే పేపరిచ్చి పోయేవాడికి యేమీ రాదు. ఆఖరి గంట దాకా తల యెత్తకుండా రాసేవాడు బుద్ధిమంతుడు. రాయకుండా ఆఖరిదాకా కూర్చునేవాడు పక్కవాడి దయకోసం కాచుకున్నవాడు. ఈ సంగతి ఒకనాడు భోజనాల దగ్గర మా ఆవిడతో గొప్పగా చెప్పాను.

"పెళ్లిపంక్తిలో ముందు లేచినవాడికి కడుపు నిండినట్టా, కూరలు బాగులేనట్టా?" అంది.

"అది యెట్లా చెప్పగలం?"

"విస్తరి చూస్తే తెలుస్తుంది. మీరు మొహాలు చూస్తున్నారు."

నిజం చెప్పవద్దూ, ఆ మాట నాకు నచ్చలేదు. చారు పోసుకుని వూరుకున్నాను.

లెక్కకేమో అందరికీ ఒకటే కాలం. ఆ రోజుల్లో మా విశ్వవిద్యాలయం పేపరు 75 మార్కులకు, మూడు గంటలు. అంటే మార్కుకు రెండు నిమిషాల ఇరవైనాలుగు సెకండ్లు. ఇంజనీరింగులో చేరడానికి వీళ్లు రాసివచ్చిన ఎంసెట్టులో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. అక్కడ ముందుగా లేచిపోయే స్వాతంత్ర్యం లేదు. తప్పు జవాబుకు కోతా లేదు కనుక, తెలియనివాడు కూడా చివరిదాకా యేదో ఒకటి నొక్కుతూనే వుంటాడు. మనస్తత్వశాస్త్రజ్ఞులు పరీక్షలలో వేగాన్ని కొలిచేవి వేరు, శక్తిని కొలిచేవి వేరు అంటారు. మన మూడు గంటల పేపరు ఈ రెంటిలో దేన్ని కొలుస్తుందో నేనప్పుడు ఆలోచించలేదు.

2019 మే నెల. మొదటి సంవత్సరం మెకానికల్ పిల్లలకు ఇంజనీరింగ్ మెకానిక్స్ పేపరు. ఎండ మండిపోతోంది. కిటికీ పక్క బెంచీలో ఒక కుర్రవాడు ప్రశ్న చదువుతాడు, పైకప్పుకేసి చూస్తాడు, పెదవులు కదుపుతాడు, ఒక వాక్యం రాస్తాడు, ఆగిపోతాడు. మళ్లీ పైకప్పు. నా సిద్ధాంతం ప్రకారం వీడు మూడో రకం. పన్నెండు గంటలకు వెళ్లి లేవదీశాను. జేబులు తిరగవేయించాను. పెట్టె తెరిపించాను. ఏమీ లేదు. చివరికి ప్రశ్నపత్రం తీసి చూస్తే, ప్రశ్నల పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'జడత్వ భ్రామకం', 'త్వరణం', 'ఘర్షణ గుణకం'. ప్రశ్నపత్రంమీద హాల్‌టికెట్టు నంబరు తప్ప మరేమీ రాయకూడదని నిబంధన. దొంగ దొరికాడనుకుని చీఫ్ సూపరింటెండెంటు గదికి తీసుకుపోయాను.

ఆయన కాగితం అటూయిటూ తిప్పి, "మాస్టారూ, ఇది మీ భాషే గదా! మీరే చూసి చెప్పండి, ఇందులో జవాబేముంది?" అన్నారు.

జవాబేమీ లేదు. అడిగిన వస్తువుల పేర్లు తప్ప. మందలించి పంపేశారు. ఈ తతంగానికి ఇరవై నిమిషాలు పట్టింది. కుర్రవాడు వచ్చి కూర్చున్నాడు గాని, చాలాసేపు కలం కదలలేదు. ఒంటిగంట కొట్టగానే పేపరు కోసం చెయ్యి చాచాను. "ఒక్క రెండు నిమిషాలు సార్" అన్నాడు. నేను తీసుకున్న ఇరవై నిమిషాల్లోంచి రెండు! "టైమంటే టైమే" అని లాక్కున్నాను. ఆ మాట అన్న గొంతు నాదే.

ఫలితాలు వచ్చాక, ఆ సబ్జెక్టు చెప్పే మిత్రుడు క్యాంటీనులో ఆ కుర్రవాడి మాట యెత్తాడు. గట్టెక్కడానికి 75కు 26 రావాలి. వాడికి 24 వచ్చాయి. ఇరవై నిమిషాలకు, మార్కుకు రెండు నిమిషాల ఇరవైనాలుగు సెకండ్ల చొప్పున, యెన్ని మార్కులు పడతాయో లెక్క వేయడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. నా టీ చల్లారిపోయింది.

"బోర్డు దగ్గరికి పిలిస్తే అందరికంటె ముందు లెక్క తేలుస్తాడండీ. రాతలోనే ఆలస్యం" అన్నాడు మిత్రుడు. వాడిది భద్రాచలం అవతల పల్లె. పదో తరగతి, ఇంటరు తెలుగు మీడియం. ఎంసెట్టులో సైతం ఇంగ్లీషు ప్రశ్నతోపాటు తెలుగు ప్రశ్న వుంటుంది. ఇంజనీరింగులో చేరిన మర్నాటినుంచి ఆ తెలుగు మాయం. ఇంగ్లీషు ప్రశ్నను వాడు తెలుగు చేసుకోవాలి, తెలుగులో ఆలోచించాలి, తేలినదాన్ని మళ్లీ ఇంగ్లీషు చెయ్యాలి. పక్కవాడు ఒక మజిలీ నడిస్తే వీడు మూడు మజిలీలు నడుస్తున్నాడు. గంట మాత్రం ఇద్దరికీ ఒకేసారి కొడతారు. (2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగులోనూ ఇంజనీరింగు చెప్పవచ్చునన్నప్పుడు నాకు వీడే జ్ఞాపకం వచ్చాడు. అప్పటికి వీడి చదువు ముప్పాతిక అయిపోయింది.)

తెలుగు అకాడమీ 1968లో పుట్టింది. ఆ అకాడమీ పుస్తకాల్లోని మాటలు చూసి మావంటివాళ్లం యెన్నిసార్లు మురిసిపోయామో! 'జడత్వ భ్రామకం' అంటే జడత్వము యొక్క భ్రామకము, షష్ఠీ తత్పురుషం అని తడుముకోకుండా చెప్పగలను. ఆ వస్తువేమిటో మాత్రం తెలియదు. తెలిసినవాణ్ణి దొంగ అన్నాను.

ఒక సాయంత్రం కబురు పెట్టి ఇంటికి పిలిపించాను. మళ్లీ యేం ముంచుకొచ్చిందోనని బిక్కమొహం వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "నావల్ల పొరపాటు జరిగిందయ్యా" అన్నాను. వాడు నమ్మినట్టు లేదు. మా ఆవిడ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది.

నా ఇంగ్లీషు యేపాటిదో నాకు తెలుసు గనక పాఠం చెబుతాననలేదు. పాఠం వాణ్ణే చెప్పమన్నాను. ముందు తెలుగులో నాకు, వెంటనే అదే సంగతి ఇంగ్లీషులో గడియారానికి. మా వీధి తలుపుతోనే భ్రామకం చూపించాడు. బందుల దగ్గర తోస్తే మొరాయిస్తుంది. గొళ్లెం దగ్గర తోస్తే చిటికెనవేలికే కదులుతుంది. మా ఆవిడకు నాకంటె ముందు బోధపడింది. అట్లా అయిదు నెలలు. మొదట్లో ఒక్క ప్రశ్నకు అరగంట పట్టేది. పోనుపోను పెదవులు కదపడం తగ్గింది.

ఆ రోజుల్లోనే కళాశాల లోపల జరిగే మిడ్ పరీక్షలో పిల్లలు లేచిన వరస ఒక కాగితంమీద రాసుకున్నాను. తరువాత మా మిత్రుడు పక్కన మార్కులు వేసిపెట్టాడు. మొట్టమొదట లేచిన అమ్మాయి తరగతికే మొదటిది. ఆమె వెనకే లేచినవాడు దాదాపు తెల్లకాగితం ఇచ్చాడు. ఆఖరున లేచినవాళ్లలోనూ అంతే: ఒకడు దిద్దుకుంటూ కూర్చున్నవాడు, ఒకడు బయట యెండకు జడిసి కూర్చున్నవాడు. కాగితం చించేశాను.

డిసెంబరులో సప్లిమెంటరీ. మధ్యాహ్నం రెండునుంచి అయిదు. నాకు వేరే గది పడింది. నాలుగున్నరకు వరండాలోంచి తొంగిచూస్తే వాడి చోటు ఖాళీగా వుంది. గుండె జారిపోయింది. చచ్చిందనుకున్న పాత సిద్ధాంతం లేచి కూర్చుంది. మెట్ల దగ్గర అట్ట చంకన పెట్టుకుని పోతున్నవాణ్ణి కేకవేశాను.

"ఏమయ్యా, అరగంట ముందే లేచావు? రాలేదా?"

"అన్నీ రాశాను సార్."

"మళ్లీ ఒకసారి చూసుకోవద్దూ?"

"చూసుకుంటే బస్సు పోతుంది సార్. మా వూరికి నేరుగా పోయేది అదొక్కటే" అని పరుగెత్తాడు.

వాడికి 51 వచ్చినట్టు తెలియడానికి నెలపైన పట్టింది. అన్నాళ్లూ మా ఆవిడ, "విస్తరి చూశారా?" అని అడుగుతూనే వుంది.