అచ్చుయంత్రమును, మా గోడపత్రికయు

ఎనిమిదవ తరగతి పిల్లలకు ఐరోపా మధ్యయుగ చరిత్ర చెప్పుట మాకు వచ్చిన పనులలో మిక్కిలి కష్టమైనది. ఆ రాజుల పేళ్లకు వారి నోరు తిరుగదు. పోపు అనగానే తాలింపు అని నవ్వుదురు. ఆ నవ్వు నణచుట మావలన గాలేదు, మేమును నవ్వితిమి.

అయినను పుస్తకముల కథ వచ్చునప్పటికి తరగతి నిశ్శబ్దమయ్యెను. మఠములలో సన్న్యాసులు దూడతోళ్లను శుభ్రపరచి, ఈకకలముతో బైబిలునంతయు వ్రాయుచుండిన సంగతి చెప్పి, మా తాతగారి తాటాకు పుస్తకమొకటి వారి చేతి కిచ్చితిమి. పిమ్మట మైంజు నగరమున గూటెన్‌బర్గు లోహపు టక్షరములు పోతపోసి, సుమారు 1455లో ఆ గ్రంథమునే నూటికిపైగా ప్రతులు అచ్చొత్తెనని చెప్పగా, ఒక బాలుడు, "అయితే మఠములోని వారికి పని పోయినదా, మాస్టారూ?" అని యడిగెను. పెద్ద చరిత్రకారు లడుగదగిన ప్రశ్న యది.

ఆ మైంజులోనే, ముప్పదియేండ్లు దాటి దాటకముందే, 1485-86లో ఆర్చిబిషప్పు బెర్తోల్డు ఒక శాసనము చేసెను. లాటిను, గ్రీకు మొదలగు భాషలనుండి జర్మనులోనికి తెచ్చిన గ్రంథమేదియు పండితులు ముందుగా పరిశీలింపనిదే అచ్చువేయరాదు, అమ్మరాదు. అట్టి యర్థములను మోయు శక్తి జర్మనుభాషకు లేదని యాయన వాదము. సంస్కృతము చదివిన మాకీ మాట కొత్తది కాదు. దేశభాషకు శాస్త్రము తగదని మా గురువులే చెప్పగా, చిన్నతనమున మేము తలయూపినవారమే. 1878లో లిట్టను ప్రభువు తెచ్చిన చట్టము గూడ ఆంగ్లపత్రికలను వదలి దేశభాషాపత్రికలనే పట్టుకొనెను.

1644లో మిల్టను ఇట్టి ముందుచూపునకు ఎదురు వ్రాసిన సంగతియు, 1950లో ఢిల్లీ వారపత్రిక యొకదానిపై వేసిన అట్టి యుత్తరువును మన సుప్రీముకోర్టు కొట్టివేసిన సంగతియు ఉత్సాహముతో చెప్పుచుండగా, వెనుకబల్లనుండి ఒక బాలిక లేచెను.

"మాస్టారూ, మన గోడపత్రికను గూడ మీరు ముందు చూచియే కదా అతికించెదరు? నా వ్యాసమేమైనది?"

ఆ వ్యాసము మా బల్లసొరుగులో నుండెను. బాలికల మరుగుదొడ్లకు నీరు రానందున, తామెవరును ఉదయమునుండి మంచినీరు త్రాగుట లేదని యామె వ్రాసినది. అది తనిఖీ జరుగు వారము. ఇదివర కొకడు తోటిబాలుని కుంటినడకను గూర్చి పద్యము కట్టగా మేము తీసివేసితిమి. అందుకు మాకు నేటికిని విచారము లేదు. కాని యిది యట్టిది కాదు.

"అక్షరదోషము లున్నవమ్మా" అంటిమి.

"ఎన్ని?"

రెండు. ఆ రెంటిని చెప్పుటకు మాకు నోరు రాలేదు. తరగతి యంతయు మావంకనే చూచుచుండెను. గంట మ్రోగి మమ్ము రక్షించినది గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఆర్చిబిషప్పు పండితులను నియమించెను. మాకు సొరుగు చాలినది!

మరునాడు ఆ రెండు తప్పులను ఆమెచేతనే దిద్దించి, వ్యాసమును గోడకు మేమే అతికించితిమి. మధ్యాహ్నము ప్రధానోపాధ్యాయులు పిలిపించి, దీనిని మీరు ముందుగా చూడలేదా యని యడిగిరి.

చూచితిమని చెప్పితిమి.